ఢిల్లీ నుంచి మస్టరు దాకా: ఉపాధి హామీపై కేంద్రం నిఘా ఒక మండలంలో ఎలా పనిచేసింది

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఢిల్లీ నుంచి పనిచేస్తుంది. దాని లెక్కలో ఉన్న గ్రామ పంచాయతీలు రెండున్నర లక్షలకు పైమాటే. అందులో ఏదో ఒక ఊళ్లో ఒక రైతు పొలంలో తవ్విన నీటి కుంట నిజంగా ఉందో లేదో, తవ్వినవాళ్లకు కూలి ముట్టిందో లేదో ఆ శాఖకు ఎలా తెలియాలి? ఉపాధి హామీ సామాజిక తనిఖీలో రిసోర్స్ పర్సన్‌గా పనిచేసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నను నేను కింది నుంచి చూశాను. రాయలసీమలోని ఒక మండలంలో మా బృందం చేసిన తనిఖీని ఆధారం చేసుకుని కేంద్రం పర్యవేక్షణ ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. మండలం పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. ఇక్కడ బయటపడినవి ఆ ఒక్క చోటే జరిగేవి కావు, పేరు రాస్తే అక్కడివాళ్లను మాత్రమే దోషులుగా నిలబెట్టినట్టవుతుంది.

ముందు ఒక విషయం. గ్రామీణాభివృద్ధి శాఖ తనంత తానుగా ఒక తట్ట మట్టి కూడా ఎత్తించదు. పని చేయించేది రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ. కేంద్రం నియమాలు పెడుతుంది, డబ్బు పంపుతుంది, లెక్క అడుగుతుంది. ఒక్కో పథకానికి లెక్క అడిగే తీరు ఒక్కో రకం. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ్ సడక్ యోజన రోడ్లకైతే రాష్ట్రం తనిఖీలు కాకుండా కేంద్రం తరఫున నేషనల్ క్వాలిటీ మానిటర్లు వచ్చి రోడ్డు తవ్వి చూస్తారు. ఆవాస్ యోజన ఇళ్లకు పునాది, గోడలు, పైకప్పు అంటూ దశలవారీగా ఫొటోలు ఎక్కిస్తేనే తర్వాతి విడత డబ్బు పడుతుంది. రోడ్డూ ఇల్లూ పదేళ్ల తర్వాత పోయి చూసినా కనబడతాయి. ఉపాధి హామీ అలా కాదు. నిన్న తవ్విన మట్టి రేపు వానకు జారిపోతుంది. నిన్న ఎవరు పనికి వచ్చారన్నది ఊరివాళ్ల జ్ఞాపకంలోనే ఉంటుంది. అందుకే దీన్ని పర్యవేక్షించడం మిగతా అన్నిటికంటే కష్టం.

ఈ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని మొదలుపెట్టింది మా అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నీ. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని అడిగే హక్కు ఈ చట్టం ఇచ్చింది. ఈ చట్టం కింద కూలి మొత్తం కేంద్రం ఇచ్చేది, మెటీరియల్ ఖర్చులో నాలుగింట మూడు వంతులు కూడా కేంద్రమే పెట్టేది. మొత్తం ఖర్చులో కూలి వాటా 60 శాతానికి తగ్గకూడదన్నది దాని నియమం. మా ఊళ్లలో ఇప్పటికీ దీన్ని ‘కరువు పని’ అనే అంటారు. పాత రోజుల్లో కరువొస్తే రోడ్డు పని పెట్టి గింజలిచ్చేవాళ్లు, ఆ పేరే నిలిచిపోయింది.

చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం పనుల సామాజిక తనిఖీ గ్రామసభ చేయాలి. చాలా రాష్ట్రాల్లో అది కాగితం మీదే ఉన్న రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే దాన్ని పట్టాలెక్కించింది. రాజస్థాన్‌లో 1994 నుంచి జన్ సున్వాయీలు (జనం ముందు బహిరంగ విచారణలు) నడిపిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవం ఇక్కడివాళ్లకు బాగా పనికొచ్చింది. 2009లో దీనికోసమే ఒక స్వతంత్ర సొసైటీ పెట్టారు, తనిఖీ యంత్రాంగాన్ని పని చేయించే యంత్రాంగం నుంచి విడదీశారు. 2011లో కేంద్రం కాగ్‌తో సంప్రదించి తనిఖీ నియమాలు తెచ్చినప్పుడు, ఆరు నెలలకు ఒకసారైనా ప్రతి పంచాయతీలో తనిఖీ జరగాలనీ, తనిఖీ యూనిట్ స్వతంత్రంగా ఉండాలనీ రాసింది. పథకం ఖర్చులో అర శాతం వరకు ఈ యూనిట్లకు కేంద్రమే ఇచ్చే ఏర్పాటూ చేసింది. ఒక రాష్ట్రం చేసి చూపించినది దేశం మొత్తానికి నియమం అయిన సందర్భాలు తక్కువ. ఇది అందులో ఒకటి, తెలుగువాళ్లుగా మనం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

కేంద్రం చేతిలో దీనితో పాటు ఇంకో రకం నిఘా ఉంది. అది తెర మీద నడిచే నిఘా. 2016లో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి పనుల జియోట్యాగింగ్ మొదలుపెట్టారు. పని మొదలు కాకముందు, మధ్యలో, పూర్తయ్యాక ఫొటోలు తీసి అక్షాంశ రేఖాంశాలతో సహా ఎక్కించాలి. 2021లో హాజరు కోసం ఎన్ఎంఎంఎస్ యాప్ వచ్చింది. 2022 మే నుంచి 20 మందికి పైగా పనిచేసే చోట, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్నిచోట్లా దాన్ని తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫొటోలు. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బు ఆధార్ ఆధారంగా మాత్రమే. ఇన్ని కళ్లు పెట్టుకున్న శాఖ ఇంకేదీ లేదేమో.

ఇక మండలం సంగతి.

తనిఖీకి ముందు మండల కార్యాలయం నుంచి రికార్డులు తీసుకుంటాం. మస్టర్లు (హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు), అంచనాలు, పే ఆర్డర్లు, మెటీరియల్ బిల్లులు. గ్రామ సామాజిక తనిఖీదారులుగా వచ్చేది కూలి కుటుంబాల పిల్లలే, ఇంటర్ దాకా చదివినవాళ్లు. శిక్షణ అయ్యాక వాళ్లను సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపుతాం. పడక ఆ ఊరి బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో. పొద్దున్నే కూలి జనం బయటికి పోకముందు, మళ్లీ సాయంత్రం ఇల్లిల్లూ తిరగాలి. జాబ్ కార్డు పక్కన పెట్టుకుని మస్టరులో ఉన్న ఒక్కో వారం చదివి, “ఈ వారం పనికి పోయినారా? ఎంత పడింది?” అని అడుగుతారు. వినడానికి మామూలు పనే. ఈ కాలంలో ఇంతకంటే పదునైన ఆడిట్ పద్ధతి నేను చూడలేదు. సంతకం పెట్టింది ఎవరు అని కాగితాన్ని అడగనక్కర్లేదు, మనిషే ఎదురుగా ఉంటాడు.

ఆ మండలంలో మొదట మమ్మల్ని నిలబెట్టింది ఒక ఫారం పాండ్, అంటే పొలంలో తవ్వే నీటి కుంట. కేంద్రం పోర్టల్‌లో దానికి మూడు ఫొటోలూ ఉన్నాయి. చివరి ఫొటోలో కుంట నిండా నీళ్లు. అక్షాంశాలు కూడా ఆ ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. తెర మీద చూసిన ఏ అధికారి అయినా పని పూర్తయింది అనే రాస్తాడు. మా తనిఖీదారు ఫోన్లో ఆ ఫొటో రైతుకు చూపించింది. ఆయన కాసేపు చూసి, “ఇది మా చేను కాదు పాపా. ఈ గట్టు మీద చింతచెట్టు సూడు. మా చేన్లో చింతచెట్టే లేదు” అన్నాడు. పోయి చూస్తే ఆయన చేన్లో గొయ్యి ఉంది కానీ మోకాలి లోతే. ఎం-బుక్‌లో రాసిన లోతుకూ దానికీ పొంతన లేదు. ఫొటోలో ఉన్నది రెండు చేలు అవతల వేరే రైతుది, చాన్నాళ్ల కిందట తవ్విన కుంట. యాప్ తప్పేమీ చెప్పలేదు. ఫోన్ ఎక్కడుందో అదే చెప్పింది. అక్కడ కుంట ఉన్నమాటా నిజమే. ఏ కుంటకు ఏ మస్టరు అన్న ముడి మాత్రం ఆ ఫొటోలో లేదు, దాన్ని విప్పింది చింతచెట్టును గుర్తుపట్టిన రైతు.

రెండోది హాజరు. ఊళ్లో సగం కుటుంబాల్లో ఎవరో ఒకరు బెంగళూరులో బిల్డింగు పనికి పోయి ఉన్నారు. ఆ పేర్లు మస్టర్లో ఉన్నాయి. యాప్ ఫొటోలు తెరిచి చూస్తే పొద్దున తీసినదీ మధ్యాహ్నం తీసినదీ ఒకటే, ఒక ఫొటోను ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కించారు. అంచున ఫోన్ తెర గీత కనిపిస్తోంది. ఒక మస్టర్లో ఎక్కువ పేర్లు మగవాళ్లవి, ఫొటోలో అందరూ ఆడవాళ్లు. ఇవి పోర్టల్‌లో అందరూ చూడగలిగే ఫొటోలే. పై నుంచి కింది దాకా ఏ స్థాయిలోనూ ఎవరూ తెరిచి చూడలేదు. చివరికి 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు ఫొటో తీయడం, మనుషుల లెక్క కలవకపోవడం, ఆడ మగ తేడా, ఒకే కూలీ వేర్వేరు మస్టర్లలో కనిపించడం - అన్నీ అందులో ఉన్నాయి. పంచాయతీ స్థాయిలో నూటికి నూరు శాతం ఫొటోలను మనుషులే సరిచూడాలని చెప్పింది. తనిఖీ చివర జనం ముందు జరిగే ప్రజావేదికలో మేము చదివినవి కేంద్రం కాగితం మీదికి రావడానికి అంత కాలం పట్టింది.

ఇదంతా దొంగతనం అనుకుంటే మాత్రం పొరపాటు. సిగ్నల్ లేని కొండవార పని పెట్టిన రోజు, పని దగ్గర హాజరు వేసే మేట్ ఫొటో తీసినా ఎక్కలేదు, ఆ రోజు నిజంగా ఎండలో తవ్విన జనానికి గైర్హాజరు పడింది. ఎండాకాలంలో మావైపు పొద్దున ఆరింటికే పని మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తారు. కొలత ప్రకారం కూలి కాబట్టి పని అయిపోతే ఇంటికి పోవచ్చు. కానీ మొదటి ఫొటోకూ రెండో ఫొటోకూ మధ్య నాలుగు గంటలు ఉండాలన్నారు. పని అయిపోయిన ఆడవాళ్లు, చంటిబిడ్డల తల్లులు రెండో ఫొటో కోసం చెట్టు నీడ కూడా లేనిచోట కూర్చోవడం నేను చూశాను. నిఘా పెట్టింది దొంగ మస్టరు రాసేవాడి కోసం, వాడికి పడే ఇబ్బంది ఒక్క ఫొటోతో తీరిపోయింది. నిజంగా వచ్చినవాళ్లకే రోజూ తిప్పలు.

మూడోది ఒక అవ్వ సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒంటరి మనిషి. జాబ్ కార్డు ఉంది, ఆ ఏడాది ఊళ్లో ఎక్కువ రోజులు పనిచేసినవాళ్లలో ఆమె ఒకరు. మా దగ్గరున్న కాగితాల్లో ఆమెకు ప్రతి వారం డబ్బు జమ అయినట్టే ఉంది. ఆమె మాత్రం, “నాకు ఒక్క రూపాయి పడలేదు తల్లీ, బ్యాంకాయన లేదు పో అంటాడు” అంది. పాస్‌బుక్ చూస్తే నిజమే, ఖాళీ. ఊళ్లో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ తిన్నాడని ఊరంతా నమ్మింది, ఆయన మీద గొడవ కూడా అయింది. మా పిల్లలు ఆమెను కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగారు. కొన్ని నెలల కిందట సంతలో సిమ్ కార్డు ఇచ్చినాయన వేలిముద్ర తీసుకున్నాడు, దాంతో పాటు ఏదో ఖాతా కూడా తెరిచినట్టుంది. ఆధార్ పద్ధతిలో డబ్బు పోయేది ఖాతా నంబరును బట్టి కాదు, చివరగా ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడిందో దానికి. డబ్బంతా ఆమెకు తెలియని ఖాతాలో ఆమె పేరుతోనే పడుతోంది. ఎవరూ తినలేదు. అయినా ఆమె అన్ని వారాలు అప్పు మీదే బతికింది. కేంద్రం లెక్కలో ఇది ‘చెల్లింపు విజయవంతం’. ఇలాంటి వరుస పోర్టల్‌లో ఎప్పటికీ ఎర్రరంగులో కనిపించదు, ఎవరో ఒకరు ఆమె గడప ముందు కూర్చుని అడిగితే తప్ప.

గ్రామసభల తర్వాత మండల ప్రజావేదిక. ఎంపీడీవో ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. జిల్లా నుంచి ప్రిసైడింగ్ అధికారి వచ్చారు. పంచాయతీల వారీగా పేరాలు, అంటే తనిఖీలో తేలిన ఒక్కో అంశం చదవాలి, సంబంధిత ఉద్యోగి జవాబు చెప్పాలి, ఊరివాళ్లు నిలబడి అవునో కాదో చెప్పాలి, నిర్ణయం అక్కడే రాయాలి. కుంట పేరా వచ్చేసరికి రైతు గొంతు తగ్గింది. ఫీల్డ్ అసిస్టెంట్ ఆయనకు వరసకు అల్లుడు, పైగా రేపు పండ్లతోట మంజూరు కావాలన్నా ఆ చేతి మీదుగానే పోవాలి. అయినా చెప్పాడు. ఆ మాట మైకులో పడ్డాక ఇంజనీరింగ్ వైపు నుంచి వాన కోత, పూడిక అంటూ సమాధానాలు వచ్చాయి. కుంటకు రాసిన తేడా టెక్నికల్ అసిస్టెంట్, ఫీల్డ్ అసిస్టెంట్ల నుంచి వసూలు చేయాలని నిర్ణయం. దొంగ హాజరుకు మేట్ తొలగింపు. అవ్వ సంగతి బ్యాంకుకు రాస్తామన్నారు. ఆమె మైకు వదల్లేదు. “రాస్తే ఎప్పుడు వచ్చేది?” అని అడిగింది. ఆ ఒత్తిడికే మరుసటి రోజు ఆమెను వెంటబెట్టుకుని పోయి ఆధార్ ముడి పాత ఖాతాకు మార్పించారు. ఆ మండలంలో పూర్తిగా పరిష్కారమైన పేరా అదొక్కటే అని చెప్పగలను.

మిగతావాటికి ఏమైంది? వసూలు నోటీసులు ఇచ్చారు. వాటి మీద అప్పీలు పెట్టుకున్నారు. ఎం-బుక్ మీద కొలతలు మళ్లీ సరిచూసినట్టు చెక్ మెజర్‌మెంట్ సంతకం పెట్టిన పై అధికారి పేరు నిర్ణయంలోకే రాలేదు. మేట్ పోయాడు, ఇంకో మేట్ వచ్చాడు. ఫైలు జిల్లాలో ‘చర్యలో ఉంది’ అన్న వరుసలో చేరింది. తర్వాతి తనిఖీకి పోయినప్పుడు అదే ఫైలు అదే వరుసలో ఉంది. ఉమ్మడి రాష్ట్రం 2012లో సామాజిక తనిఖీ కోసం ప్రత్యేక చట్టమే చేసింది, మొబైల్ కోర్టులు పెట్టొచ్చని కూడా రాసింది. చట్టం ఉండీ కింది చిరుద్యోగి దగ్గరే శిక్ష ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇది మా మండలం బాధ మాత్రమే కాదని చెప్పే అధ్యయనం ఒకటి ఉంది. 2006 నుంచి 2010 వరకు ఆంధ్రప్రదేశ్‌లో 300 పంచాయతీల తనిఖీ నివేదికలను ఇద్దరు ఆర్థికవేత్తలు చదివారు. పోయిందని తేలిన డబ్బులో 87 శాతం వెనక్కి రాలేదని వాళ్లు చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు: కూలి ఎగ్గొట్టడం లాంటి తేలిగ్గా దొరికేవి కొంత తగ్గాయి, మెటీరియల్ వైపు కనిపెట్టడం కష్టమైన అక్రమాలు పెరిగాయి. కూలీకి తన కూలి తెలుసు, సిమెంటు ఎన్ని బస్తాలు పోశారో తెలియదు. మా తనిఖీదారులు సిమెంటు రోడ్ల దగ్గర తడబడటం నేనూ చూశాను.

దేశం లెక్కకు వస్తే, 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్లలో సామాజిక తనిఖీలు తేల్చిన దుర్వినియోగం కేంద్రం ఆన్‌లైన్ లెక్కల వ్యవస్థ ఎంఐఎస్‌లో రూ.935 కోట్లు. వసూలైంది రూ.12.5 కోట్లు, అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ జాబితాలో పైన ఉన్నాయి. ఏపీలో సుమారు రూ.239 కోట్లు తేలితే దాదాపు నాలుగున్నర కోట్లు వసూలైంది. రాజస్థాన్, కేరళల దగ్గర సున్నా. జన్ సున్వాయీ పుట్టిన రాజస్థాన్‌లో నాలుగేళ్లలో ఒక్క రూపాయి పక్కదారి పట్టలేదని ఎవరు నమ్ముతారు? ఏ రాష్ట్రం ఎక్కువ వెతికిందో దాని పేరు పైకి వచ్చింది, అంతే. ఇలాంటి పట్టిక పార్లమెంటులోనో పత్రికల్లోనో పడ్డప్పుడు బాగా తనిఖీ చేసిన రాష్ట్రం తలదించుకోవాల్సి వస్తుంది. అప్పుడు రాష్ట్ర స్థాయిలో తనిఖీ యూనిట్‌కు వచ్చే సూచన ఏమిటో చెప్పనక్కర్లేదు. కేంద్రం ఈ లెక్కను చదివే తీరు మారకపోతే తనిఖీ చేసేవాళ్లే తగ్గిపోతారు.

పైగా తనిఖీ యూనిట్లకు డబ్బు కేంద్రం నుంచే రావాలి. అది ఆలస్యమై కొన్ని రాష్ట్రాల్లో తనిఖీ సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందని సందర్భాలున్నాయి. ఖాళీ జేబుతో ఊళ్లో పడుకుని పక్కవాడి లెక్క చూడమంటే ఎంతకాలం చూస్తారు?

కేంద్రం చేతిలో ఉన్న అసలు ఆయుధం 27వ సెక్షన్. ఫిర్యాదు వస్తే విచారణ చేయించవచ్చు, నిధులు ఆపవచ్చు. 2022 మార్చి నుంచి పశ్చిమ బెంగాల్‌కు ఈ సెక్షన్ కిందే నిధులు ఆపేశారు. అక్రమాలు జరిగాయన్నది కేంద్రం మాట, కక్ష సాధింపు అన్నది రాష్ట్రం మాట. ఎవరి మాట ఏదైనా మూడేళ్లకు పైగా పని లేక, చేసిన పనికి కూలి రాక అల్లాడింది అక్కడి కూలి జనం. 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు ఆగస్టు 1 నుంచి పథకం మళ్లీ మొదలుపెట్టాలని చెప్పింది. అక్రమాలు జరిగిన చోట షరతులు పెట్టుకోవచ్చు, మొత్తం రాష్ట్రాన్ని ఆపి ఉంచలేరు అన్నది దాని సారం. కేంద్రం సుప్రీంకోర్టుకు పోయినా అక్టోబరులో ఆ పిటిషన్ నిలవలేదు. ఒక మండలంలో మేట్ దొంగ హాజరు రాస్తే రాష్ట్రం మొత్తానికి పస్తు పెట్టడం నిఘా కాదు. మా మండలంలో ఆ రోజు నిధులు ఆపి ఉంటే మొదట నష్టపోయేది ఆ అవ్వే.

కేంద్రం తన మీద తాను నిఘా పెట్టుకోని చోటు కూడా చెప్పాలి. పని ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. పడకపోతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం. మండలం నుంచి ఎఫ్‌టీవో (డబ్బు బదిలీ ఉత్తర్వు) పంపేదాకా పట్టే ఆలస్యాన్నే చాలాకాలం లెక్కగట్టారు. ఆ తర్వాత కేంద్రం దగ్గర డబ్బు విడుదల కాక పట్టే ఆలస్యాన్ని లెక్కలోకే తీసుకోలేదు. 2018 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ రెండో దశ ఆలస్యానికి కూడా బాధ్యత ఉందని తేల్చింది. ఊళ్లో జనం ఆలస్యానికి తిట్టేది మాత్రం ఎప్పుడూ ఫీల్డ్ అసిస్టెంట్‌నే. 2021 ఏప్రిల్ నుంచి ఎస్సీ, ఎస్టీ, ఇతరులకు వేర్వేరుగా చెల్లింపులు చేయమన్నప్పుడు ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. ఒకే శ్రమశక్తి సంఘంలో, అంటే ఒకే కూలీల గుంపులో పక్కపక్కనే తవ్వినవాళ్లలో ఒకరికి ఈ వారం, ఇంకొకరికి ఎప్పుడో. “వాళ్లకు పడింది, మాకెందుకు పడలేదు” అని ఊళ్లో టెన్షన్లు. ఢిల్లీలో ఖాతాల సౌకర్యం కోసం చేసిన మార్పు గుంపులో మనుషుల మధ్య గీత గీసింది. తర్వాత ఆ పద్ధతి మార్చుకున్నారు, మంచిదే. పెట్టేముందు ఒక్క మండలంలో అడిగి ఉంటే పెట్టేవాళ్లే కాదు.

జాతీయ స్థాయి మానిటర్లు కూడా వస్తుంటారు, ఎక్కువగా పదవీ విరమణ చేసిన అధికారులు. కేంద్ర పథకాలను జిల్లాలో సమీక్షించే దిశ కమిటీలు ఎంపీ అధ్యక్షతన కూర్చుంటాయి. రెండూ చెడ్డవేం కావు. కానీ మానిటర్ వచ్చేది ముందే తెలుస్తుంది, చూపించే పనులు ముందే తేలిపోతాయి. దిశ సమావేశంలో పనిదినాల లక్ష్యం మీద గంట మాట్లాడతారు, ప్రజావేదిక పేరాల మీద మాట్లాడటం నా ఎరుకలో అరుదు.

ఈ కేసును బట్టి గ్రామీణాభివృద్ధి శాఖ చేయాల్సింది నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. నెలవారీ సమీక్షల్లో ఎన్ని పంచాయతీల్లో తనిఖీ పూర్తయింది అన్నదాన్ని మాత్రమే అడిగితే రాష్ట్రాలు తనిఖీలు పూర్తిచేస్తాయి, అంతే. తేలిన పేరాల్లో ఎన్ని ముగిశాయి, ఎంత వసూలైంది, ఎన్ని రోజుల్లో, చెక్ మెజర్‌మెంట్ చేసిన అధికారి మీద ఏం చర్య తీసుకున్నారు అని అడగాలి. ఎక్కువ అక్రమాలు బయటపెట్టిన రాష్ట్రాన్ని దోషిగా కాకుండా సున్నా చూపించిన రాష్ట్రాన్ని అనుమానంగా చూడాలి, మానిటర్లను ముందు అక్కడికి పంపాలి. తనిఖీ యూనిట్ల డబ్బు ఆర్థిక సంవత్సరం మొదట్లోనే, రాష్ట్ర యంత్రాంగం చేతిలో పడకుండా నేరుగా వాళ్ల ఖాతాలో వేయాలి. జమ అయిన డబ్బు ఏ బ్యాంకులో పడిందో కూలీకి పే స్లిప్ మీద తెలుగులో, ఆ ఊరి భాషలో రావాలి. ఇది చిన్న మార్పు, సాఫ్ట్‌వేర్‌లో ఒక వరుస. అవ్వలాంటివాళ్లకు నెలల అప్పు తప్పుతుంది. సిమెంటు పనులున్న చోట తనిఖీ బృందంతో పాటు వేరే జిల్లా ఇంజనీరు ఒకరు తప్పకుండా ఉండాలి.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. 100 రోజులను 125 చేసింది. చాలా రాష్ట్రాలకు ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40గా పంచింది. అంటే ఇకపై కూలి డబ్బులో రాష్ట్రం వాటా కూడా పెద్దదే అవుతుంది, వాటా పెట్టలేని రాష్ట్రం పనులు తగ్గించుకునే ప్రమాదం ఉంది. గ్రామసభ సామాజిక తనిఖీ మాట అందులోనూ ఉంది, దానితో పాటు బయోమెట్రిక్, జీపీఎస్ నిఘా ఇంకా పెరుగుతుంది. కొత్త చట్టం కింద వచ్చే నియమాలను తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసినవాళ్లందరూ వాక్యం వాక్యం చదవాలని నా విన్నపం. చూడాల్సినవి ఇవి: తనిఖీలో తేలిన పేరా ఎన్ని రోజుల్లో ముగియాలో గడువు రాశారా, గడువు దాటితే ఎవరి మీద చర్యో రాశారా, తనిఖీ యూనిట్ జీతాలు ఎవరు ఏ తేదీకి ఇవ్వాలో రాశారా. ఇవి లేకపోతే అభ్యంతరాలు పంపాలి. పేరాల నకళ్లు, ప్రజావేదిక నిర్ణయాలు మన దగ్గర ఇరవై ఏళ్లవి పోగై ఉన్నాయి, వాటినే జతచేయొచ్చు.